అమరావతి బాండ్లు, 2018: ఆ 10.32 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

2018 ఆగస్టు 14న ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, అదే మన సీఆర్డీఏ, బీఎస్ఈ (బాంబే స్టాక్ ఎక్స్ఛేంజ్) బాండ్ ప్లాట్‌ఫామ్ మీద 2,000 కోట్లు అప్పు తీసుకుంది. వడ్డీ 10.32 శాతం, చెల్లింపు మూడు నెలలకోసారి, గడువు పదేళ్లు, వెనకాల రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ. ఆ నెల 27న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ముంబై వెళ్లి గంట కొట్టి లిస్టింగ్ చేయించారు. ఆ వారమంతా తెలుగు చానళ్లలో రెండే వాదనలు నడిచాయి. ఇది రాష్ట్రం మీద మార్కెట్‌కున్న నమ్మకం అని ఒకరు, ఇంత వడ్డీకి ఎవరైనా అప్పు చేస్తారా అని ఇంకొకరు. ఆ 10.32 శాతం దాకా ఎలా వెళ్లిందో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పలేదు.

నేను అప్పట్లో ముంబైలో ఒక సంస్థ ట్రెజరీలో బాండ్లకి క్రెడిట్ నోట్లు, అంటే పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా అన్న అంచనాలు, రాసే పనిలో ఉండేవాణ్ణి. ఈ బాండ్ల షరతుల కాగితం, అంటే టర్మ్ షీట్, మా టేబుల్ మీదకీ వచ్చింది. తర్వాత ఇన్నేళ్లలో రాష్ట్రాల అప్పుల మీద, కార్పొరేషన్ల గ్యారంటీ అప్పుల మీద చాలా నోట్లు రాశాను గానీ, సర్కారు డబ్బు ఎలా పుడుతుందో కొత్తవాళ్లకి చెప్పాల్సి వస్తే ఇప్పటికీ ఈ కేసే తీస్తాను. ఎందుకంటే ఒక ప్రభుత్వం అప్పు చేయగల దారులన్నీ ఇందులో పక్కపక్కనే కనిపిస్తాయి, ఏ దారికి ఎంత ఖర్చో కూడా కనిపిస్తుంది.

మంగళవారం అప్పు

ముందు మామూలు దారి చూద్దాం. రాష్ట్రానికి డబ్బు పన్నుల నుంచి వస్తుంది, కేంద్ర పన్నుల వాటా నుంచి వస్తుంది, గ్రాంట్ల నుంచి వస్తుంది. ఇవి చాలనప్పుడు అప్పు. ఆ అప్పులో పెద్ద భాగం మన పేపర్లు "మంగళవారం అప్పు" అని రాసేదే. దీన్ని స్టేట్ డెవలప్‌మెంట్ లోన్, పొట్టిగా ఎస్‌డీఎల్ అంటాం. ఏ త్రైమాసికంలో ఏ రాష్ట్రం సుమారు ఎంత తీసుకోబోతోందో రిజర్వ్ బ్యాంక్ ముందే క్యాలెండర్ ఇస్తుంది. మంగళవారం పొద్దున పదిన్నర నుంచి పదకొండున్నర దాకా ఈ-కుబేర్ అనే సిస్టమ్‌లో బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, ప్రావిడెంట్ ఫండ్లు బిడ్లు వేస్తాయి, సాయంత్రానికల్లా ఎవరికి ఏ రేటో తేలిపోతుంది, బుధవారం రాష్ట్రం ఖాతాలో డబ్బు పడుతుంది. అంతే. టీవీలో గంట కొట్టడాలు ఉండవు.

ఈ ఎస్‌డీఎల్‌కి కేంద్రం గ్యారంటీ ఏమీ లేదు, చాలామంది ఉందనుకుంటారు. అయినా ఇది చౌక. ఎందుకంటే రాష్ట్రం బ్యాంకు ఖాతా ఉన్నదే రిజర్వ్ బ్యాంక్ దగ్గర, వడ్డీ తేదీ వచ్చిందంటే రిజర్వ్ బ్యాంకే ఆ ఖాతా నుంచి డెబిట్ చేసి బాండ్ ఉన్నవాళ్లకి ఇచ్చేస్తుంది. ఆ తేదీన ఖజానాలో ఇబ్బందిగా ఉందా, జీతాలు పడ్డాయా, కాంట్రాక్టర్లు రోడ్డెక్కారా అన్న ప్రశ్న మధ్యలోకి రాదు. రాజ్యాంగంలో ఆర్టికల్ 202 ప్రకారం ఈ వడ్డీ "చార్జ్‌డ్" ఖర్చు, దాని మీద శాసనసభలో ఓటింగ్ కూడా ఉండదు. పైగా బ్యాంకులు తప్పనిసరిగా ఉంచుకోవాల్సిన ఎస్ఎల్ఆర్ (ప్రభుత్వ బాండ్ల లాంటి భద్రమైన పెట్టుబడి) లెక్కలోకి ఇది వస్తుంది, రిస్క్ వెయిట్, అంటే అప్పు మునిగితే అని బ్యాంకు పక్కన పెట్టాల్సిన మూలధనం లెక్క, సున్నా. అందుకే 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వ పదేళ్ల బాండు 7.8 దగ్గర ఉంటే, రాష్ట్రాల పదేళ్ల ఎస్‌డీఎల్‌లు ఎనిమిదిన్నర చుట్టుపక్కల పోయేవి.

మరి ఎనిమిదిన్నరకి దొరికే డబ్బుని పదిన్నర దగ్గరకి వెళ్లి ఎందుకు తెచ్చుకోవాలి?

పరిమితి అనే గోడ

ఎందుకంటే మంగళవారం అప్పుకి ఒక గోడ ఉంది. ఆర్టికల్ 293లో మూడో క్లాజు ప్రకారం, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం ఏదైనా సరే కొత్త అప్పు చేయాలంటే కేంద్రం అనుమతి తీసుకోవాలి. దాదాపు అన్ని రాష్ట్రాలూ కేంద్రానికి ఏదో ఒక బాకీ ఉన్నవే, కాబట్టి అన్నిటికీ ఇది వర్తిస్తుంది. ఆ అనుమతి ఇచ్చేటప్పుడు కేంద్రం ఏటా ఒక పరిమితి పెడుతుంది. అప్పట్లో అది రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం, కొన్ని షరతులు తీరిస్తే ఇంకో అర శాతం దాకా. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ లోటు రాష్ట్రం, అంటే ఆ 3 శాతంలో చాలా భాగం జీతాలకీ, పెన్షన్లకీ, పథకాలకీ పోతుంది. కొత్త రాజధాని కట్టడానికి అందులో చోటు లేదు.

ఇక్కడే కార్పొరేషన్లు, అథారిటీలు వస్తాయి. సీఆర్డీఏ చట్టం ప్రకారం వేరే సంస్థ. అది చేసిన అప్పు దాని అప్పు. రాష్ట్రం ఇచ్చేది గ్యారంటీ మాత్రమే, అది బడ్జెట్ పుస్తకాల్లో అప్పు కింద కాకుండా రావొచ్చు-రాకపోవచ్చు అనే బాధ్యతల పట్టికలో కూర్చుంటుంది. అప్పటి నిబంధనల్లో ఇది తప్పేమీ కాదు, ఒక్క ఆంధ్రా చేసిందీ కాదు. తెలంగాణ కాళేశ్వరం కార్పొరేషన్ పేరుతో బ్యాంకుల దగ్గరా, పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్ లాంటి చోట్లా తెచ్చిన అప్పులదీ ఇదే పద్ధతి. కేరళలో మౌలిక వసతులకి అప్పు తెచ్చే ప్రభుత్వ సంస్థ కిఫ్బీదీ ఇదే.

కానీ ఈ పక్కదారిలో నడిచినందుకు టోల్ కట్టాలి. ఆ టోల్ ఎంతో లెక్క కట్టడమే ఈ కేసు.

అదే నెల, అదే బీఎస్ఈ, రెండు తెలుగు రాజధానులు

నా నోట్‌లో నేను ఎక్కువ సేపు ఆగిన చోటు ఇది. 2018 ఆగస్టులోనే హైదరాబాద్ జీహెచ్ఎంసీ కూడా బాండ్లు తెచ్చింది: 195 కోట్లు, 9.38 శాతానికి. అంతకు ముందు ఫిబ్రవరిలో 200 కోట్లు 8.90 శాతానికి తెచ్చి ఉంది. జీహెచ్ఎంసీకి రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ లేదు. సీఆర్డీఏకి ఉంది, అదీ షరతుల్లేనిది, వెనక్కి తీసుకోలేనిది. అలాంటప్పుడు సీఆర్డీఏకే చౌకగా రావాలి కదా? వచ్చింది తిరగబడి. గ్యారంటీ లేని మున్సిపాలిటీ కంటే గ్యారంటీ ఉన్న రాజధాని సంస్థ 94 బేసిస్ పాయింట్లు, అంటే ముక్కాలు వంతు శాతం కంటే ఎక్కువే, అదనంగా కడుతోంది.

కారణం ఆస్తి పన్ను. హైదరాబాద్‌లో ఇల్లున్న ప్రతివాడూ ఏటా కడతాడు, ఏప్రిల్‌లో ఎర్లీ బర్డ్ రాయితీ పెడితే క్యూ కట్టి మరీ కడతాడు. ఆ రాబడిని ఎస్క్రో ఖాతాలోకి మళ్లించి, ముందు బాండ్ల వాళ్లకి పక్కన పెట్టి, మిగిలింది కార్పొరేషన్ వాడుకునేలా ఏర్పాటు చేస్తారు. డబ్బు పుట్టే చోటు నుంచి మదుపరి చేతికి వచ్చేదాకా మధ్యలో ఏ మంత్రీ, ఏ సెక్రటరీ సంతకం పెట్టనక్కర్లేదు. రేటింగ్ ఏజెన్సీలు ఏఏ ఇచ్చాయి.

సీఆర్డీఏ దగ్గర ఏముంది? భూమి ఉంది. ల్యాండ్ పూలింగ్‌లో రైతులు ఇచ్చిన ముప్పై మూడు వేల ఎకరాల పైచిలుకు. రోడ్లకీ, రైతులకి తిరిగి ఇవ్వాల్సిన ప్లాట్లకీ, ప్రభుత్వ భవనాలకీ పోగా మిగిలింది అమ్మితేనో, లీజుకిస్తేనో డబ్బు. ఆ భూమికి ధర రావాలంటే ముందు నగరం రావాలి, నగరం రావాలంటే ముందు డబ్బు కావాలి. అంటే తీర్చే డబ్బు ఇంకా పుట్టలేదు, పుట్టడం ఒక రాజకీయ నిర్ణయం నిలబడటం మీద ఆధారపడి ఉంది. రేటింగ్ ఏజెన్సీ క్రిసిల్ దీనికి ఇచ్చిన రేటింగ్ ఏ ప్లస్. ఇంకో రెండు ఏజెన్సీలు ఒక మెట్టు పైన, ఏఏ మైనస్ ఇచ్చాయి.

ఆ ఒకటి రెండు మెట్ల తేడా బయటివాళ్లకి చిన్నదిగా కనిపిస్తుంది గానీ మా పనిలో అది వాకిలికి గడియ పెట్టినట్టే. పదేళ్ల బాండు కొనే సహజమైన మదుపరులు ఎవరు? ఇన్సూరెన్స్ కంపెనీలు, ప్రావిడెంట్ ఫండ్లు. వాళ్ల నిబంధనలు ప్రధానంగా ఏఏ, అంతకు పైనే కొనమంటాయి. ఏఏ మైనస్ కూడా ఆ గీతకి కింద. అంటే పదేళ్ల పాటు కదలకుండా కూర్చోగల డబ్బు చాలావరకు మొదట్లోనే పక్కకి తప్పుకుంది. మిగిలింది ఎక్కువ రాబడి కోసం రిస్క్ తీసుకునే మ్యూచువల్ ఫండ్ల లాంటి డబ్బు, అది ఎక్కువ అడుగుతుంది. దానికి తోడు సైజు. 195 కోట్లు వేరు, 2,000 కోట్లు వేరు. అప్పటికి మన దేశంలో మున్సిపల్ బాండ్ అంటే వంద, రెండు వందల కోట్లు. ఇంత పెద్ద కాగితాన్ని ఒకే రోజు మింగాలంటే మార్కెట్ ధర తగ్గించమంటుంది, అంటే వడ్డీ పెంచమంటుంది.

గ్యారంటీ అసలు ఎలా పనిచేస్తుంది

మా సీనియర్ ఒకాయన టర్మ్ షీట్ చదివి నన్ను అడిగింది ఒక్కటే. "సరేనయ్యా, గ్యారంటీ ఉంది. గడువు రోజున డబ్బు రాలేదనుకో. ఆ రోజు నువ్వెవరికి ఫోన్ చేస్తావ్?"

"బాండ్లు కొన్నవాళ్ల తరఫున చూసుకునే ట్రస్టీకండీ."

"ట్రస్టీ ఎవరికి చేస్తాడు?"

అక్కడి నుంచి కాగితం మీద గీసుకుంటూ పోయాను. 2,000 కోట్ల మీద 10.32 శాతం అంటే ఏడాదికి 206 కోట్ల 40 లక్షలు, త్రైమాసికానికి 51 కోట్ల 60 లక్షలు. ఆ డబ్బు గడువుకి ముందే సీఆర్డీఏ వేరే ఖాతాలో పెట్టాలి. పెట్టకపోతే డీఎస్ఆర్ఏ అనే రిజర్వు ఖాతాలోంచి తీస్తారు, ఇలాంటి నిర్మాణాల్లో రాబోయే కొన్ని చెల్లింపులకి సరిపడా డబ్బు ముందుగానే అందులో ఉంచుతారు. తీసినదాన్ని మళ్లీ నింపాలి. నింపకపోతే ట్రస్టీ నోటీసు ఇస్తాడు, గ్యారంటీ ఇన్వోక్ చేస్తాడు, అంటే హామీ ప్రకారం కట్టమని రాష్ట్రాన్ని అడుగుతాడు. అది ఆర్థిక శాఖకి వెళుతుంది. బడ్జెట్‌లో ఆ పద్దు కింద కేటాయింపు ఉండాలి, లేకపోతే తెచ్చుకోవాలి, ఉత్తర్వు రావాలి, బిల్లు పెట్టాలి. ఆంధ్రాలో బిల్లు అంటే సీఎఫ్ఎంఎస్, ప్రభుత్వ చెల్లింపులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థ. సీఎఫ్ఎంఎస్‌లో బిల్లు పడటం వేరు, డబ్బు పడటం వేరు అని రాష్ట్రంలో ఏ చిన్న కాంట్రాక్టర్‌ని అడిగినా చెబుతాడు.

బ్యాంకు లోనుకి మేనమామ హామీ సంతకం పెట్టాడనుకోండి, ఆయన మాట మీద నిలబడే మనిషే కావొచ్చు, కానీ ఆయన వచ్చి కట్టేలోపు గడువు తేదీ దాటిపోతుంది. బాండ్ మార్కెట్‌లో ఒక్కరోజు దాటినా డిఫాల్టే. గ్యారంటీ విలువ ఎంత అన్న ప్రశ్నకి సగం జవాబు ప్రభుత్వానికి కట్టే ఉద్దేశం ఉందా అన్నది, మిగతా సగం ఎన్ని టేబుళ్లు దాటి రావాలి అన్నది. ఎస్‌డీఎల్‌కి ఒక్క టేబులూ లేదు. జీహెచ్ఎంసీ ఎస్క్రోకి ఒకటి. సీఆర్డీఏ గ్యారంటీకి నాలుగైదు. ఎనిమిదిన్నర, తొమ్మిదింపావు దాటి, పదింపావు దాటి అంటూ వడ్డీ ఎక్కిన మెట్లు ఇవే.

రెగ్యులేటర్ లెక్క కూడా ఇదే చెబుతుంది. బ్యాంకు నేరుగా రాష్ట్రానికి అప్పిస్తే రిస్క్ వెయిట్ సున్నా, రాష్ట్రం గ్యారంటీ ఇచ్చినదానికి 20 శాతం. ఒకే రాష్ట్రం, ఒకే సంతకం, అయినా రెండు వేరు.

పేపర్లో రాని రెండు లెక్కలు

ఒకటి, బాండ్లకి 1.53 రెట్లు డిమాండ్ వచ్చిందని అప్పట్లో చెప్పుకున్న సంగతి. ఇష్యూ బేస్ సైజు 1,300 కోట్లు. డిమాండ్ వస్తే ఇంకో 700 కోట్ల వరకు ఉంచుకునే గ్రీన్ షూ ఆప్షన్. వచ్చిన డబ్బు 2,000 కోట్లు. 2,000ని 1,300తో భాగించి చూడండి, 1.53 దాటి వస్తుంది. అంటే మొత్తం తీసుకోదలచిన సైజుతో పోలిస్తే సరిగ్గా నిండింది, పొంగిపొర్లలేదు. ఇది దాచిపెట్టిన విషయం కాదు, బాండ్ ఇష్యూల్లో అందరూ బేస్ సైజు మీదే చెప్పుకుంటారు. కానీ ఒకటిన్నర రెట్లు డిమాండ్ ఉంటే వడ్డీ ఎందుకు తగ్గించలేదని అప్పుడు చాలామంది అడిగారు. తగ్గించే సందు లేదు, అదీ జవాబు. ఇంకాస్త తక్కువ కూపన్ (బాండు మీద వడ్డీ రేటు) పెట్టి ఉంటే 2,000 నిండేది కాదు.

రెండోది, 10.32 శాతం నిజంగా 10.32 కాదు. మూడు నెలలకోసారి కట్టే వడ్డీ కాబట్టి, ఏడాది లెక్కకి మారిస్తే 10.73 శాతం అవుతుంది. ఎస్‌డీఎల్ వడ్డీ ఆరు నెలలకోసారి, ఎనిమిదిన్నరని అలాగే మారిస్తే 8.68. నిజమైన తేడా రెండు శాతం పైనే.

దీన్ని రూపాయల్లో చూద్దాం, ఎందుకంటే శాతాల్లో మాట్లాడితే ఎవరికీ నొప్పి తెలియదు. అసలు మొదటి ఐదేళ్లు కట్టక్కర్లేదు, ఆ తర్వాత ఏటా ఐదో వంతు చొప్పున 2024 నుంచి 2028 వరకు 400 కోట్లు. అలా లెక్కేస్తే పదేళ్లలో వడ్డీ మొత్తం సుమారు 1,650 కోట్లు. ఇదే డబ్బు ఇదే షెడ్యూల్‌లో ఎనిమిదిన్నర శాతానికి దొరికి ఉంటే 1,360 కోట్లు. తేడా 290 కోట్లు. పక్కదారిలో నడిచినందుకు కట్టే టోల్ అది. ఇది ఎవరి జేబులోకో పోయిన డబ్బు అనుకోవడం తప్పు, రాష్ట్రం పరిమితి బయట నిలబడి అప్పు చేసినందుకు మార్కెట్ వేసిన ధర. కానీ అది కట్టేది మనమే.

అప్పుడే మా బాబాయ్ గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. "ఒరేయ్, పది శాతం పైన ఇస్తున్నారంట, మన ప్రభుత్వమే హామీ అంట. ఎఫ్‌డీ తీసేసి ఇందులో పెట్టేదా?" చాలా ఇళ్లలో ఇదే ప్రశ్న నడిచిందని తర్వాత తెలిసింది. ఇది ప్రైవేట్ ప్లేస్‌మెంట్ బాబాయ్, పెద్ద సంస్థలకే, మనలాంటివాళ్లకి ఇవ్వరు అని చెప్పాను. కాసేపు ఆగి, "మనకివ్వనిది మన రాజధాని బాండెట్టా అయిద్దిరా?" అన్నాడు. నాకూ ఆ మాట గట్టిగానే తగిలింది. అమరావతి మీద నమ్మకం ఉన్నవాళ్లు, ప్రవాసాంధ్రులతో కలిపి, కొనడానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్లు అంత వడ్డీ అడిగేవాళ్లు కాదు. కానీ చిన్న మదుపరులకి అమ్మాలంటే పబ్లిక్ ఇష్యూ, దానికి ఖర్చు, సమయం, ఇంకా ఎక్కువ వెల్లడింపులు. తొందరలో ఉన్న సంస్థ ఆ దారి పట్టలేదు. నా దృష్టిలో 2,000 కోట్లూ ఒకే రోజు తీసుకోకుండా, జీహెచ్ఎంసీ 1,000 కోట్ల కార్యక్రమాన్ని ముక్కలు చేసి తెచ్చినట్టు, మొదట రెండు మూడు వందల కోట్లతో ఒక ధర ఏర్పరచుకుని, రెండు మూడు చెల్లింపులు టైముకి చేసి చూపించి, తర్వాత పెద్ద ఇష్యూకి వెళ్లి ఉండాల్సింది.

(జీహెచ్ఎంసీకీ అంతా సాఫీగా ఏమీ నడవలేదు. 2018 సెప్టెంబర్‌లో మౌలిక వసతులకి అప్పులిచ్చే పెద్ద ఫైనాన్స్ సంస్థ ఐఎల్ఎఫ్ఎస్ చేతులెత్తేశాక బాండ్ మార్కెట్ మొత్తం బిగుసుకుపోయింది. 2019లో జీహెచ్ఎంసీ మూడో విడత 100 కోట్లు 10.23 శాతానికి గానీ రాలేదు, అదీ కేంద్రం బాండు ఆరున్నర దగ్గరికి దిగిన రోజుల్లో. ఒక మంచి పని మాత్రం జరిగింది: అమృత్ పథకం కింద కేంద్రం ప్రతి 100 కోట్ల మున్సిపల్ బాండుకి 13 కోట్లు, గరిష్ఠంగా 26 కోట్లు ప్రోత్సాహకం ఇచ్చింది, హైదరాబాద్‌కి ఆ 26 కోట్లు వచ్చాయి. విశాఖ కార్పొరేషన్ కూడా 2018 డిసెంబర్‌లో 80 కోట్లు తెచ్చింది.)

ఇంకో అప్పిచ్చినవాళ్లు

క్రెడిట్ నోట్‌లో సీఆర్డీఏ మీద ఉన్న ఇతర బాధ్యతలు రాయాలి. రాస్తూ ఉంటే రైతుల కౌలు పద్దు వచ్చింది. పూలింగ్‌లో భూమి ఇచ్చిన రైతుకి పదేళ్ల పాటు ఏటా కౌలు: మెట్ట భూమికి ఎకరాకి 30,000, జరీబుకి (నీటి వసతి ఉన్న సారవంతమైన భూమికి) 50,000, ఏటా 3,000, 5,000 చొప్పున పెంపు. ముప్పై మూడు వేల ఎకరాలకి మొదటి ఏడాదే వంద కోట్ల పైమాట. ఆర్థికంగా చూస్తే వాళ్లూ ఈ సంస్థకి అప్పిచ్చినవాళ్లే, భూమి రూపంలో. కానీ వాళ్లకి డీఎస్ఆర్ఏ లేదు, ట్రస్టీ లేడు, ఎస్క్రో లేదు, ఏ రేటింగ్ ఏజెన్సీ వాళ్ల కౌలు ఎప్పుడు పడుతుందో చూడదు. తర్వాతి ఏళ్లలో కౌలు ఆలస్యమై రైతులు హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అప్పిచ్చిన ఇద్దరిలో ఒకరికి కాగితాలు పకడ్బందీగా రాసుకునే లాయర్లు ఉన్నారు, ఇంకొకరికి లేరు. ప్రభుత్వం డబ్బు సమకూర్చుకునే దారుల గురించి మాట్లాడేటప్పుడు ఈ దారిని ఎవరూ అప్పు అని లెక్కపెట్టరు. లెక్కపెట్టాలి.

తర్వాత జరిగింది

2019 మేలో ప్రభుత్వం మారింది. జూలైలో ప్రపంచ బ్యాంకు తన 30 కోట్ల డాలర్ల ప్రాజెక్టు నుంచి తప్పుకుంది, ఏఐఐబీ (ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు) కూడా వెనకే వెళ్లిపోయింది. డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చింది, 2020లో సీఆర్డీఏ చట్టాన్నే రద్దు చేసి వేరే సంస్థ పెట్టారు, 2021 నవంబర్‌లో ఆ చట్టాలు వెనక్కి తీసుకున్నారు, 2022 మార్చిలో అమరావతిని అభివృద్ధి చేయాల్సిందే అని హైకోర్టు తీర్పు. బాండు ఇచ్చిన సంస్థే కొంతకాలం చట్టంలో లేకుండా పోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఈ మధ్యలో క్రిసిల్ రేటింగ్ తగ్గిస్తూ వచ్చింది. కాగితం మీద భూమి ధర అని రాసుకున్న రాబడి ఆగిపోయినప్పుడు వడ్డీ ఎక్కడి నుంచి రావాలి? రాష్ట్ర బడ్జెట్ నుంచే. అంటే పరిమితికి బయట పెట్టామనుకున్న అప్పు నడిచి నడిచి లోపలికే వచ్చేసింది.

కేంద్రం కూడా ఇదే అంది. 2022 మార్చిలో ఆర్థిక మంత్రిత్వ శాఖ రాష్ట్రాలకి రాసిన ఉత్తరం సారాంశం ఇది: కార్పొరేషన్ల పేరుతో చేసిన అప్పుకి అసలు గానీ వడ్డీ గానీ రాష్ట్ర బడ్జెట్ నుంచి కడుతుంటే, అది రాష్ట్రం అప్పుగానే లెక్క, పరిమితిలోంచి కోత పడుతుంది. తెలంగాణకి ఆ ఏడాది మొదట్లో మంగళవారం అప్పులకి అనుమతి ఆగింది కూడా దీనివల్లే. కేరళ సుప్రీంకోర్టుకి వెళ్లింది, 2024 ఏప్రిల్ 1న కోర్టు ఆ ప్రశ్నని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది.

మరి పక్కదారి మూసుకుపోయిందా? లేదు, టోల్ తగ్గించుకునే ప్రయత్నాలు మొదలయ్యాయి. 2022లో ఆంధ్రా బెవరేజెస్ కార్పొరేషన్ మద్యం రాబడిని చూపించి 9.62 శాతానికి బాండ్లు తెచ్చింది. 2024లో ప్రభుత్వం మళ్లీ మారాక, 2025లో ఏపీ ఖనిజాభివృద్ధి సంస్థ బాండ్లు వచ్చాయి, వాటిలో చెల్లింపు ఆగితే రాష్ట్ర ఖాతా నుంచే రిజర్వ్ బ్యాంక్ ద్వారా నేరుగా డెబిట్ చేసుకునే ఏర్పాటు పెట్టారు. ప్రతిపక్షం అభ్యంతరం చెప్పింది, విషయం హైకోర్టుకీ వెళ్లింది. ఇక్కడ పార్టీ పేరు పక్కన పెట్టి చూడండి. 2018లో నా సీనియర్ అడిగిన ప్రశ్నకి జవాబు ఇది: మధ్యలో టేబుళ్లు తీసేశారు. కూపన్ తగ్గింది. కానీ అలా తీసేసినప్పుడు ఖజానా మీద మొదటి హక్కు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది, ఆ వరసలో బాండ్ల వాళ్లు ముందుకి జరిగితే జీతం వాడూ, పెన్షన్ వాడూ, కౌలు రైతూ వెనక్కి జరుగుతారు. నాకు దీంట్లో ఇబ్బందిగా ఉండేది అదే.

అమరావతికి 2024 డిసెంబర్‌లో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరో 80 కోట్ల డాలర్ల వరకు మంజూరు చేశాయి, ఇళ్లకీ పట్టణాలకీ అప్పులిచ్చే కేంద్ర సంస్థ హడ్కో విడిగా 11,000 కోట్లకి ఒప్పుకుంది. రాజధాని లాంటి పనికి ముందు నుంచీ కావాల్సింది ఇలాంటి పొడుగు గడువు డబ్బే. పది ఏళ్ల బాండుతో ముప్పై ఏళ్ల నగరం కట్టబోతే మధ్యలో ఎన్నికలు రెండుసార్లు వస్తాయి.

మీ రాష్ట్రం సంగతి చూసుకోవాలనుకునేవాళ్లకి ఒక చిట్కా. బడ్జెట్ ప్రసంగం కాకుండా, దానితో పాటు సభలో పెట్టే ఎఫ్ఆర్‌బీఎం (అప్పులు, లోటు అదుపు చట్టం) పత్రాల్లో గ్యారంటీల పట్టిక ఉంటుంది, అది తెరవండి. ఏ కార్పొరేషన్‌కి ఎంత అన్నది రాసుకోండి. ఆ తర్వాత ఆ కార్పొరేషన్‌కి బయటి జనం నుంచి వచ్చే సొంత రాబడి ఎంతో దాని లెక్కల్లో చూడండి, ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు కలపకుండా. చివరికి కాగ్ ఏటా ఇచ్చే రాష్ట్ర ఆర్థిక నివేదికలో బడ్జెట్ బయటి అప్పుల పేజీతో సరిపోల్చండి. రాబడి లేని సంస్థ పేరు ఎదురుగా ఎంత అంకె ఉంటే, అంత వచ్చే ఏళ్ల మంగళవారాల్లో కలిసేదే అనుకుని లెక్క వేసుకోండి. సీఆర్డీఏ బాండ్లలో చివరి సిరీస్ గడువు 2028 ఆగస్టు.